ఇంట్ల వైఫై - తాళంచెవి మన చేతిల



మన కౌడిపల్లిలో సెల్‌ఫోను లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. కొన్ని ఇళ్ళకు వైఫై పెట్టె కూడా వచ్చింది. దుకాణం ముందర, గొర్ల కొట్టం దగ్గర, బోరు మోటరు దగ్గర కెమెరాలు పెట్టుకుంటున్నారు. "అవన్నీ పిల్లలకు ఎరుక. మనకేం తెల్సు?" అంటాం మనం. కాని ఇల్లు మనది. పొద్దుగూకితే తలుపు పెట్టేది మనమే. కాబట్టి ఈ తాళం సంగతి కూడా మనకు తెలియాలి.

వైఫై అంటే ఏమిటి?

రేడియో మనకు తెలుసు. హైదరాబాదులో పాడిన పాట తీగ లేకుండా మన ఇంటికి వస్తుంది. కంటికి కనపడని అలల మీద వస్తుంది. వైఫై కూడా అలాంటిదే. రేడియో ఊరంతటికి. వైఫై ఒక్క ఇంటికి. రేడియో చెప్తుంది, మనం వింటాం. వైఫైలో మన ఫోను వింటుంది, తిరిగి జవాబు కూడా చెప్తుంది.

ఇంటి దాకా ఇంటర్నెట్ తీగ మీద వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల అది గాజు తీగ. వెంట్రుక అంత సన్నని గాజు పోగు. దాంట్లో వెలుగు పరుగెత్తుతుంది. ఆ వెలుగే కబురు మోస్తుంది. గ్రామ పంచాయతీలన్నిటికీ ఈ తీగ వేయాలని కేంద్ర ప్రభుత్వం 2011లో నిర్ణయించింది. ఆ పనికి తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మన తెలంగాణలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే పనికి టీ-ఫైబర్ అని పేరు. 2024 డిసెంబర్‌లో దాన్ని కొన్ని ఊళ్ళలో మొదలుపెట్టారు. మన పక్కనున్న సంగారెడ్డి జిల్లాలోని సంగుపేట వాటిలో ఒకటి.

తీగ వచ్చి ఒక చిన్న పెట్టెలో కలుస్తుంది. ఆ పెట్టె పేరు రౌటర్. రౌటర్ నుంచి అలలు ఇల్లంతా పరుచుకుంటాయి.

పెట్టె ఎక్కడ పెట్టాలి?

ఇంటి నడుమ పెట్టాలి. ఎత్తుమీద పెట్టాలి. ఇనుప బీరువా వెనుక పెట్టవద్దు. ఇనుము అలలను ఆపుతుంది. రేకుల గోడ, మందమైన మట్టి గోడ కూడా అడ్డమే. కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది. దానికి చిన్న బ్యాటరీ పెట్టె దొరుకుతుంది. అది ఉంటే కొంతసేపు నడుస్తుంది.

అలలు మన గోడ దగ్గర ఆగవు. పక్కింట్లోకి పోతయి. బజారు మీదికి పోతయి. మన వాకిట్లో వేసిన దీపం బజారుకు కూడా కనపడ్డట్టే. కాబట్టి తాళం ఉండాలె. ఆ తాళంచెవినే పాస్‌వర్డ్ అంటారు.

మూడు తాళాలు

చాలామంది తాళం ఒకటే అనుకుంటారు. కాని మూడు ఉంటాయి.

మొదటిది వాకిలి తాళం. ఫోను వైఫైలో కలవాలంటే ఇది కావాలి.

రెండోది పెట్టె తాళం. రౌటర్ లోపలికి పోయి మార్పులు చేయాలంటే ఇది కావాలి. ఈ చెవి దొరికినవాడు మొదటి తాళాన్ని కూడా మార్చేయగలడు.

మూడోది కెమెరా తాళం. కెమెరాలో కనపడేది ఫోనులో చూడాలంటే ఇది కావాలి.

రౌటర్ వెనుక ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది. దాని మీద కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఉంటుంది. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఫికరు లేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు చూపిస్తుంటే మీ చేతితో నోటుబుక్కులో ఎక్కించండి. తరువాత మూడు తాళాలకు కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టించండి. పెట్టె బిగించడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయిన తరువాత మార్చాలి. కొత్త ఇంట్లోకి పోతే మనం కొత్త తాళం కొనుక్కోమా? ఇదీ అంతే.

పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? పిల్లల పేరు వద్దు. ఫోను నంబరు వద్దు. పుట్టిన సంవత్సరం వద్దు. ఇవి ఊరందరికీ ఎరుకే. ఒకదానికొకటి సంబంధం లేని మూడు మాటలు తీసుకోండి. గంప, చింత, ఇసుర్రాయి అనుకోండి. నడుమ అంకెలు పెట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిస్తే 12 అక్షరాలకు తగ్గకుండా చూడండి. కాని ఇక్కడ రాసిన మాటలే పెట్టకండి. ఈ పుస్తకం అందరూ చదువుతారు!

చుట్టాలొస్తే అరుగు మీద కూర్చోబెడతాం. బియ్యం గుమ్మి దాకా తీసుకుపోం. వైఫైకి కూడా అరుగు ఉంటుంది. చాలా రౌటర్లలో చుట్టాల కోసం వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో ఇంకొక వైఫై పెట్టవచ్చు. వచ్చినవాళ్ళకు అది ఇవ్వండి.

లెక్క పెడదాం

రౌటర్‌లో ఎవరెవరు కలిశారో చూపే పట్టీ ఉంటుంది. నెలకు ఒకసారి దాన్ని తీయించి లెక్క పెట్టండి. మన ఇంట్లో ఫోన్లు 3. టీవీ 1. కెమెరా 1. మొత్తం 5. పట్టీలో 6 ఉన్నాయనుకోండి. ఆ ఆరోది ఎవరిది? ఇంట్లో అందరినీ అడగండి. మనది కాకపోతే వాకిలి తాళం మార్చండి. అప్పుడు అన్ని ఫోన్లూ విడిపోతాయి. మనవి మాత్రమే మళ్ళీ కలుపుకోండి.

ఇంటి గుమ్మి

వడ్లు గుమ్మిలో పోస్తాం. ఇంట్లో అందరూ అక్కడి నుంచే తీసుకుంటారు. ఫోటోలకు, కాగితాలకు కూడా అట్లాంటి గుమ్మి పెట్టుకోవచ్చు. కొన్ని రౌటర్లకు వెనుక యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. దానికి హార్డ్ డిస్క్ అనే చిన్న డబ్బా తగిలిస్తారు. ఇంట్లో ఏ ఫోను నుంచైనా అందులో దాచవచ్చు, తీసి చూడవచ్చు. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. పెట్టెకు కరెంటు ఉంటే చాలు.

ఏం దాచుకోవాలి? పట్టాదారు పాస్ పుస్తకం ఫోటో. రేషను కార్డు ఫోటో. పిల్లల సర్టిఫికెట్లు. పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం పేజీలు. ఫోను నీళ్ళలో పడ్డా ఇవి పోవు. కాని బ్యాంకు పిన్ నంబరు మాత్రం అందులో దాచవద్దు.

ఎవరు చూడవచ్చు, ఎవరు చెరపవచ్చు అనేది వేరువేరుగా పెట్టవచ్చు. చిన్న పిల్లలకు చూసే వీలు ఇవ్వండి, చెరిపే వీలు ఇవ్వకండి. ఆ గుమ్మి ఇంటి వైఫైలో ఉన్నవాళ్ళకే కనపడాలి. బయటి ఇంటర్నెట్ నుంచి తెరుచుకునే వీలు మూసివేయించండి. విత్తనాలన్నీ ఒకే కుండలో దాచం కదా! ముఖ్యమైనవి ఇంకొక చోట కూడా దాచుకోండి. అసలు కాగితాలు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండనే ఉండాలి.

కెమెరా కన్ను

కెమెరా చూసింది చిన్న కార్డులో ఎక్కుతుంది. కార్డు నిండితే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. కాబట్టి దొంగతనం జరిగితే ఆలస్యం చేయవద్దు. ఆ రోజు దృశ్యాన్ని వెంటనే వేరేచోట దాచి పోలీసులకు చూపాలి. ఇంటర్నెట్ ఆగినా కార్డులో ఎక్కుతూనే ఉంటుంది. దూరం నుంచి ఫోనులో చూడటం మాత్రమే కుదరదు.

కెమెరా దొంగను పట్టిస్తుంది. తాళం సరిగా లేకపోతే అదే దొంగకు కన్ను అవుతుంది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ సంగతి బయటపడింది. అక్కడ ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆడవాళ్ళను పరీక్ష చేసే గదిలో కెమెరా ఉంది. ఆ దృశ్యాలు దొంగల చేతిలో పడ్డాయి. ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. దొంగలు గోడ దూకలేదు. తలుపు పగలగొట్టలేదు. కెమెరాకు కంపెనీ పెట్టిన "అడ్మిన్ 123" లాంటి పాస్‌వర్డ్‌ను మార్చలేదని వార్తల్లో వచ్చింది. పోలీసులు కొందరిని పట్టుకున్నారు. కాని బయటికి పోయిన దృశ్యాన్ని మళ్ళీ మూటకట్టి తెచ్చుకోలేం.

అందుకే ఈ మాటలు గుర్తుంచుకోండి.

కెమెరా వాకిలి వైపు, కొట్టం వైపు చూడాలి. పడుకునే గదిలో వద్దు. స్నానాల గది వైపు వద్దు. పక్కింటి వాకిలి కూడా పడకుండా తిప్పండి.

కెమెరా ఎవరి ఫోనులో కనపడుతుందో ఇంట్లో అందరికీ తెలియాలి. మగవాళ్ళు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉండి చూస్తుంటే ఆ సంగతి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకు చెప్పాలి. కెమెరా దొంగ కోసం. ఇంటి ఆడమనిషి మీద కాపలాకు కాదు.

ఆడవాళ్ళు చాటుగా ఉన్నప్పుడు దొంగచాటుగా చూడటం, ఫోటో తీయడం నేరం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ దీనికే ఉంది. మొదటిసారి నేరం రుజువైతే ఒక ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా ఉంటాయి. సైబర్ నేరం జరిగితే 1930కి ఫోను చేయండి. ఆపద ముంచుకొస్తే 112కు చేయండి. సిగ్గుపడాల్సింది చూసినవాడు. మనం కాదు.

ఒకప్పుడు బ్యాంకులో వేలిముద్ర వేసేవాళ్ళం. కాగితంలో ఏముందో ఇంకొకరు చెప్పేవాళ్ళు. ఇప్పుడు సంతకం పెడుతున్నాం. పాస్‌వర్డ్ కూడా సంతకం లాంటిదే. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి కూర్చోవద్దు. మనమే పెట్టుకుందాం. మనమే రాసుకుందాం. నోటుబుక్కును ట్రంకు పెట్టెలో దాచుకుందాం.

కొత్త మాటలు

రౌటర్ - ఇంట్లో వైఫై పంచే పెట్టె
పాస్‌వర్డ్ - రహస్యపు మాట, తాళంచెవి
హార్డ్ డిస్క్ - ఫోటోలు, కాగితాలు దాచే డబ్బా

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో వైఫై ఉందా? దాని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? మీకు తెలుసా?
2. మీ ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా కలిపి ఎన్ని ఉన్నాయి? కూడి రాయండి.
3. మీ వీధి కెమెరా ఎటు చూస్తున్నది? మీ వాకిలి అందులో పడుతున్నదా?
4. సంఘం పుస్తకంలో ఏ ఏ పేజీలు ఫోటో తీసి దాచాలి? అందరూ కలిసి పట్టీ రాయండి.