ఇంటికొచ్చిన మ్యూజియం

సైన్స్ వెబ్‌సైట్లు పిల్లల ముందు ప్రయోగశాల తలుపులు తెరుస్తున్నాయి. అయితే అసలు పాఠం తెర ఆపేశాకే మొదలవుతుంది

కోల్‌కతా గురుసదయ్ రోడ్డులోని బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం అనగానే నమూనా బొగ్గు గని గుర్తొస్తుంది. 1959లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో చాలా నమూనాలను పిల్లలు దూరం నుంచి చూసి ఊరుకోనక్కర్లేదు. మీట నొక్కి, పిడి తిప్పి సంగతేమిటో తెలుసుకోవచ్చు. మరి నగరానికి రాలేని పిల్లల మాటేమిటి? దానికి మ్యూజియం 1965లోనే జవాబు వెతికింది. నమూనాలను బస్సుకెక్కించి వాళ్ల దగ్గరికే పంపింది.

ఆనాటి బస్సు పనిని ఇప్పుడు ఇంటర్నెట్ అందుకుంది. అణుబాంబు శాస్త్రవేత్త రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడు ఫ్రాంక్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నెలకొల్పిన ఎక్స్‌ప్లొరేటోరియం 1993లోనే వెబ్‌సైట్ తెరిచింది. ఇంట్లో దొరికే చవక వస్తువులతో చేసుకోదగ్గ ప్రయోగాలను అది 'సైన్స్ స్నాక్స్' పేరుతో అందిస్తోంది. మ్యూజియం కాకపోయినా ఆ దారిలోనే నడిచింది కొలరాడో విశ్వవిద్యాలయం. అది 2002లో మొదలుపెట్టిన 'ఫెట్' సైట్‌లో పిల్లలు బ్యాటరీ, బల్బు, తీగ కలిపి సర్క్యూట్ కట్టొచ్చు. తప్పు కలిపితే తెర మీద మంటలు లేస్తాయి, ఇంట్లో ఫ్యూజు మాత్రం పోదు! ఇంగ్లిష్ రాని పిల్లల కోసం బెంగాలీ, తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

కరోనాతో 2020లో మ్యూజియాలు మూతపడినప్పుడు ఇలాంటి సైట్లే దిక్కయ్యాయి. ఆ ఏడాది చివరికి వాటి బలహీనతా బయటపడింది. డిసెంబర్ 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌కు స్వస్తి చెప్పడంతో, దాని మీద ఆధారపడిన పాత ఆటలు ఎన్నో మూగబోయాయి.

అంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. ఫెట్‌లోని లోలకానికి ఘర్షణ లేకుండా చేస్తే అది ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. ఇంట్లో దారానికి రాయి కట్టి ఊపితే కాసేపటికి ఆగిపోతుంది. ఎందుకు ఆగింది? సైన్స్ మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. తెరనే నమ్ముకున్న పిల్లవాడికి అది తట్టకపోవచ్చు.

అందుకే పెద్దలు ఫోన్ చేతికిచ్చి తప్పుకుంటే చాలదు. పక్కన కూర్చోవాలి. బటన్ నొక్కే ముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగాలి. జవాబు తప్పయినా నవ్వకూడదు. తర్వాత అదే ప్రయోగం చేత్తో చేయించాలి. సర్క్యూట్ అయితే టార్చి సెల్లు, చిన్న బల్బు చాలు. గోడ ప్లగ్గు జోలికి పోనివ్వకూడదు.

ఇంత చేశాక పిల్లల్ని బొగ్గు గనికో, 1997లో ప్రారంభమైన కోల్‌కతా సైన్స్ సిటీకో తీసుకెళ్తే వాళ్లు వట్టి చేతులతో వెళ్లరు. ఇంట్లో తేలని ప్రశ్నలు వెంట తీసుకెళ్తారు.