గిటార్ మెట్లను అరగదీసేదేమిటి?

పాత అకూస్టిక్ గిటార్‌ను దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే, దాన్ని వాయించిన చేతి అలవాట్లు చాలావరకు తెలిసిపోతాయి. మొదటి మెట్టు (ఫ్రెట్) మీద, సరిగ్గా రెండో తీగ కింద చిన్న గాడి కనిపిస్తుంది. సి, ఎ మైనర్, ఎఫ్, డి సెవెన్ కార్డులన్నింటికీ వేలు పడేది అక్కడే. పన్నెండో మెట్టు మాత్రం తరచూ కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. గాడి లోతు మిల్లీమీటరులో పదో వంతే కావచ్చు. అయినా ఆ స్వరం పలికినప్పుడల్లా 'జుయ్' మనే మోత వెంట వస్తుంది. ఆ మోత విని గిటార్ పని అయిపోయిందని అటక మీద పెట్టేసేవారూ ఉన్నారు. చాలా సందర్భాల్లో అది తొందరపాటే.

చాలా గిటార్లలో మెట్లను జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో వెండి ఉంది గానీ లోహంలో లేదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. నికెల్ వాటా సాధారణంగా 18 శాతం. దాని మీద పడే తీగ కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కు. ఈ రెండింటిలో ఉక్కే గట్టిది కాబట్టి అరిగేది మెట్టే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. యంత్రాల్లో సులువుగా మార్చగలిగే భాగాన్నే మెత్తగా ఉంచుతారు. ఉక్కు ఇరుసు అరగకూడదని దాని చుట్టూ కంచు బుష్ వేయడం అందుకే. గిటార్‌లో ఇది తలకిందులైంది. కొన్ని నెలలకోసారి మార్చేసే తీగలు గట్టిగా ఉన్నాయి, ఊడదీయడం కష్టమైన మెట్లు మెత్తగా ఉన్నాయి. అయితే దీనికి కారణాలు లేకపోలేదు. ఒక్కో తీగ సుమారు 10 కిలోల బరువు వేలాడదీసినంత బిగువును మోయాలి, అది ఉక్కు వల్లే అవుతుంది. మెట్టు లోహాన్నేమో ఫింగర్‌బోర్డు వంపుకు తగ్గట్టు వంచాలి, సన్నని గాడిలోకి కొట్టి దించాలి, ఆకురాయితో గుండ్రంగా దిద్దాలి. ఈ పనులకు జర్మన్ సిల్వర్ చక్కగా లొంగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మెట్లు చాలా ఎక్కువ కాలం మన్నుతాయి గానీ, వాటిని దిద్దేవారి పనిముట్లను అరగదీస్తాయి.

ఒకటో తీగ మందం 0.3 మిల్లీమీటర్లు. గుండ్రటి తీగ, గుండ్రటి మెట్టు ఒకదానికొకటి అడ్డంగా ఆనుతాయి కనుక అవి తాకే చోటు సూదిమొనంత. వేలి ఒత్తిడంతా ఆ బిందువు మీదే పడుతుంది. దానికి రాపిడి తోడవుతుంది. బ్రిటిష్ ఇంజనీరు ఆర్చర్డ్ 1953లో ప్రచురించిన సూత్రం ప్రకారం, అరిగిపోయే లోహం పరిమాణం బరువుతోనూ, జారిన దూరంతోనూ పెరుగుతుంది; మెత్తని లోహపు గట్టిదనం పెరిగితే తగ్గుతుంది. అంటే గట్టిగా నొక్కేవారి మెట్లు త్వరగా అరుగుతాయి, తీగను పక్కకు లాగి పలికించేవారి మెట్లు ఇంకా త్వరగా అరుగుతాయి. తుప్పు పట్టిన తీగ ఆకురాయితో సమానం. చెమట, సముద్రపు గాలి కలిసే విశాఖపట్నం లాంటి చోట్ల వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవడం వెనుక ఉన్న కారణం ఇదే.

మరి ఇంత చిన్న గాడి అంత మోత ఎలా తెస్తుంది? నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు ఉన్న గిటార్‌లో మొదటి రెండు మెట్ల మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు దగ్గర నొక్కినప్పుడు పన్నెండో మెట్టుకు పైన తీగ 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, రెండో మెట్టుకు పైన మిగిలే ఖాళీ సుమారు 0.19 మిల్లీమీటర్లు. నెక్‌కు ఉండే స్వల్ప వంపు ఈ అంకెను కొంచెం మారుస్తుందంతే. మొత్తం మీద అది రెండు జెరాక్స్ కాగితాల మందం. అందులో ఒక కాగితమంత గాడి పడితే ఖాళీ సగమైపోతుంది, కంపించే తీగ పక్క మెట్టును కొట్టుకుంటుంది.

అరిగిన మెట్టు శ్రుతిని చెడగొడుతుందని కూడా అంటారు. అది నిజమే గానీ తక్కువ. మెట్టు తల చదునై తీగ ఆనే చోటు అర మిల్లీమీటరు ముందుకు జరిగినా, మొదటి మెట్టు దగ్గర స్వరం ఒకటిన్నర సెంట్లే పెరుగుతుంది. అర్ధస్వరానికి వంద సెంట్లు. అంత తేడాను పట్టే చెవులు అరుదు.

గిటార్‌లో దోషమనిపించే ఈ తాకిడే తంబురలో నాదానికి ప్రాణం. దాని వెడల్పాటి బ్రిడ్జి మీద తీగ తాకీతాకకుండా ఉండేలా నూలుపోగుతో జీవాళి సరిచేస్తారు. ఈ ఒంపు బ్రిడ్జి వల్ల తంబుర, వీణల్లో అనుస్వరాలు ఎంత సమృద్ధిగా పుడతాయో సి.వి. రామన్ 1921లోనే వివరించారు. వీణ మెట్లూ అరుగుతాయి, గమకాల కోసం తీగను పక్కకు లాగడమే అందుకు ముఖ్య కారణం. అయితే దాని 24 మెట్లు కర్రలో దిగి ఉండవు, మైనం మీద కూర్చుంటాయి. మైనాన్ని వేడిచేసి మెట్టు తీసి, దిద్ది, మళ్లీ శ్రుతికి అమర్చవచ్చు. మరమ్మతును దృష్టిలో పెట్టుకుని చేసిన వాద్యం అది.

గిటార్‌కు ఆ సౌలభ్యం లేదు, కాబట్టి ముందు మోతకు కారణం తేల్చుకోవాలి. ఒకే తీగ మీద, గాడి ఉన్న మెట్టు దగ్గరే మోత వస్తే అరుగుదలను అనుమానించాలి. ఎండాకాలంలో, ఏసీ గదిలో అన్ని మెట్ల మీదా మోత మొదలైతే కారణం వేరు. గాలిలో తేమ తగ్గి కర్ర కుంచించుకుపోతుంది, గిటార్ పైపలక కిందికి దిగి తీగల ఎత్తు తగ్గుతుంది. అప్పుడు మెట్లను అరగదీయిస్తే మంచి లోహం వృథా.

నిజంగా అరిగి ఉంటే మెట్ల తలలన్నింటినీ సమం చేసి, మళ్లీ గుండ్రంగా దిద్ది మెరుగుపెడతారు. కొత్త మెట్టు ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరు. ప్రతిసారీ అందులో కొంత పోతుంది కనుక ఈ పని రెండు మూడు సార్లకు మించి సాగదు. ఆ తర్వాత కూడా అన్ని మెట్లూ మార్చనవసరం లేదు. సాధారణంగా బాగా అరిగేవి మొదటి మూడు నాలుగు మెట్లే, వాటిని మాత్రమే మార్చి మిగతావాటితో సమం చేయించుకోవచ్చు.