పాత అచ్చులు - క్రొత్త రాకెట్టులు

మా యింట కజ్జికాయల కఱ్ఱ అచ్చొకటి కలదు. అది మా నాయనమ్మగారి కాలమునాటిది. దాని యంచునందలి గాడులు నేటికిని అరిగిపోలేదు. ప్రతి సంక్రాంతికిని దానితోనే కజ్జికాయలు చేయుచున్నారు. రూపము నాటిదే, రుచి మాత్రము నాటిది కాదు. పిండి యెంతసేపు నానవలెనో, కొబ్బరిలౌజును ఏ పాకమున దింపవలెనో ఆమె చేతికి తెలియును. అచ్చునకు తెలియదు.

ఈనాటి ప్రసంగమునకు విషయము టెన్నిసు రాకెట్టు. పల్లెటూరి పెద్దలకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. మన హైదరాబాదునకు చెందిన సానియా మీర్జా 2015వ సంవత్సరమున మార్టీనా హింగిసుతో కలిసి వింబుల్డనునందు స్త్రీల జంటల పోటీని గెలిచినప్పుడు ఆమె చేతనున్న సాధనమిదియే. చట్రమునకు తంతులు బిగించి, దానికొక పిడి యమర్చినదే రాకెట్టు. తయారు చేయు సంస్థలు కొన్ని యేండ్లకొకసారి ఒక నమూనాను విడిచి మఱియొక నమూనాను చేయుచుందురు. పాతదానికి చేయి యలవాటుపడిన ఆటగాండ్రు మాత్రము దానినే కోరుచుందురు. అప్పుడు మూలబడియున్న అచ్చులను వెలికిదీసి, ఆ రాకెట్టునే మఱల చేయుదుమను ప్రయత్నము బయలుదేరును. అచ్చు దొరకినంతమాత్రమున ఆ రాకెట్టే మఱల పుట్టునా యనునది ప్రశ్న.

పూర్వము రాకెట్టులను ఆష్ అను చెట్టు కఱ్ఱతో చేసెడివారు. కఱ్ఱను పలుచని పట్టీలుగా కోసి, వంచి, ఒకదానిపై నొకటి జిగురుతో అతికించెడివారు. 1967లో, ఫ్రెంచి ఆటగాడు రెనే లాకోస్ట్ రూపకల్పన ననుసరించి, విల్సన్ సంస్థ ఉక్కు రాకెట్టును విక్రయించినది. పిమ్మట అల్యూమినియము వచ్చెను, ఆపైని కార్బను పోగులు వచ్చెను. 1987 తరువాత వింబుల్డను మైదానమున కఱ్ఱ రాకెట్టు కానరాలేదు.

కార్బను రాకెట్టు పుట్టు విధము వినుడు. వెండ్రుకకంటె సన్నని కార్బను పోగులను వరుసగా పఱచి, రెజిను అను జిగురుతో తడిపి, పలుచని పొరలుగా చేయుదురు. ఆ పొరలను తగిన కొలతకు కత్తిరించి, గాలి యెక్కించుటకు వీలగు సన్నని గొట్టముపై చుట్టుదురు. చుట్టిన దానిని రాకెట్టు ఆకారముగ వంచి, రెండు దోసిళ్ళవలె మూయబడు లోహపు అచ్చునం దుంచి బిగింతురు. తరువాత అచ్చును సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడిచేయుచు, లోని గొట్టమునకు గాలి యెక్కింతురు. గాలి లోపలినుండి త్రోయగా పొరలు అచ్చు గోడలకు గట్టిగా అదుముకొనును. వేడిచే జిగురు గట్టిపడును. అచ్చు తెఱచినచో బోలు చట్రము చేతికి వచ్చును.

ఇందు అచ్చు నిర్ణయించున దేమి? వెలుపలి రూపము, పొడవు, మందము, ముఖవైశాల్యము. ఇంతియే. పొర లెన్ని, ఏ చోట నెన్ని, పోగులు నిలువునా ఏటవాలునా, జిగు రేజాతిది అను సంగతులలో నొక్కటియు అచ్చునందు లేదు. వెదురుబద్ద నిలువున బలమైనది, అడ్డముగ సులభముగ చీలును. కార్బను పోగుల స్వభావమును అట్టిదే. నిలువు పోగులు చట్రమును వంగనీయవు, ఏటవాలు పోగులు మెలితిరుగనీయవు. ఈ రెంటి పాళ్ళు మార్చినచో, ఒకే అచ్చునుండి యొకటి బిఱుసైనదిగను, మఱియొకటి మెత్తనిదిగను రెండు రాకెట్టులు పుట్టును. కంటికి అవి కవలపిల్లలు, చేతికి పరాయివి.

దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము విల్సన్ వారి ప్రో స్టాఫ్ రాకెట్టు. దాని ముఖవైశాల్యము 85 చదరపుటంగుళములు. అందు నాలుగు పాళ్ళు కార్బను, ఒక పాలు కెవ్లారు అను గట్టి పోగు. పీట్ సాంప్రాస్ దీనితోనే వింబుల్డనును ఏడుమార్లు గెలిచెను. 2001లో అదే మైదానమున రోజర్ ఫెదరర్ ఆయనను ఓడించినప్పుడు, ఇరువురి చేతులలోను ఈ నమూనాయే యుండెను. మొదట షికాగోలోను, తరువాత కరేబియను సముద్రమునందలి సెంట్ విన్సెంట్ ద్వీపమునను, అటుపిమ్మట తైవానులోను, చైనాలోను దీనిని చేసిరి. పేరొకటే, రూప మొకటే. అయినను సాంప్రాస్ సెంట్ విన్సెంటులో పుట్టినవానినే కోరెడివాడు. అంతియే కాదు, ఆ చట్రమునకు సీసపు పట్టీలు అంటించి తన చేతికి తగిన బరువు తెచ్చుకొనెడివాడు. కాబట్టి జగత్ప్రసిద్ధమైన ఆ రాకెట్టు సయితము అచ్చులోనుండి వచ్చినది వచ్చినట్లు ఆటకు పోలేదు.

ఇంకొక రాకెట్టు కథ మఱింత విచిత్రమైనది. 1980లో ఇంగ్లండునకు చెందిన డన్‌లప్ సంస్థ మాక్స్ 200జి యను దానిని వెలువరించెను. జాన్ మెకన్రో 1983లోను, 1984లోను వింబుల్డనును దీనితో గెలిచెను. ఇందు పొరలు లేవు. కార్బను తునకలు కలిపిన నైలానును కరగించి అచ్చులోనికి చిమ్మెడివారు. మఱి చట్రము బోలుగ నుండు టెట్లు? మన శిల్పులు మైనపు బొమ్మపై మట్టి మెత్తి, మైనమును కరగించి వెడలించి, ఆ ఖాళీలో కంచు పోయుట మీ రెఱుగుదురు. ఇచట దానికి వ్యతిరేకము. తగరము, బిస్మతు కలిపిన లోహముతో నొక గర్భమును పోతపోసి అచ్చు నడుమ నిలిపెడివారు. దాని చుట్టును నైలాను గట్టిపడిన పిదప, గర్భమును కరగించి వెలికి తీసెడివారు. ఆ లోహము సుమారు 138 డిగ్రీలకే కరగును, నైలానుకు అంతకంటె ఎంతయో హెచ్చు వేడి కావలెను. అట్లయిన కరగిన నైలాను తాకినంతనే గర్భము కరగదా? కరగదు. లోహము వేడిని శీఘ్రముగ పీల్చుకొనుటచే నైలానే ముందుగా గట్టిపడును. ఇట్టి రాకెట్టును మఱల చేయదలచినవానికి వెలుపలి అచ్చు దొరకినను సగమైనను దొరకినట్లు కాదు. గర్భమునకు వేఱొక అచ్చు కావలెను. ఏ వేడిమిలో ఎంతసేపు పోయవలెనో తెలిసిన మనిషియు కావలెను.

ఇంక పరీక్ష యెట్లు? తూచిన చాలునని తోచును, చాలదు. రెండు కఱ్ఱలు ఒకే బరువున నుండి, బరువు ఒకదానికి నడుమను, మఱియొకదానికి రెండు కొనలను ఉన్నచో, త్రిప్పునప్పటి భేదము కఱ్ఱసాము చేసినవారికి తెలియును. కావున ముందు తూచవలెను. పిమ్మట వ్రేలిపై నిలిపి సమతూకపు చోటు గుర్తింపవలెను. ఆపై పిడి కొననుండి వ్రేలాడదీసి, గడియారపు లోలకమువలె ఊపి, ఒక్కొక్క యూపునకు పట్టు కాలమును లెక్కింపవలెను. పాతదియు క్రొత్తదియు ఈ మూటను సరిపోలినచో త్రిప్పుటలో సమానములు. కొనను బరువు వ్రేలాడదీసి ఎంత వంగునో చూచినచో, బిఱుసును తెలియును.

చిల్లర వస్తువులను చిన్నచూపు చూడరాదు. తంతులు దూర్చు రంధ్రములకు అమర్చు నైలాను తొడుగులకు వేఱే అచ్చులుండును. అవి పోయినచో, మంచి చట్రము సయితము తంతులను కోసివేయును. పేరు సంగతియు నట్టిదే. అచ్చు చేతనున్నంతమాత్రమున సంస్థ పేరు వేసికొను హక్కు రాదు, దానికి యజమానుల యనుమతి కావలెను.

మహాశయులారా, అచ్చు ఉక్కుది. నూనె రాచి యుంచినచో చాలకాల ముండును. పొరలు చుట్టిన చేతులు అట్లుండవు. పొరల క్రమమును పుస్తకమున వ్రాసియుంచిన చోట పాత రాకెట్టు దాదాపుగ తిరిగి వచ్చును. వ్రాయని చోట దాని రూపము మాత్రమే వచ్చును. మన యూళ్ళలోను కుమ్మరి సారెలు, కంచరి మూసలు, నేతగాని పన్నెలు అటకలపై నున్నవి. వానిని వాడనేర్చిన వృద్ధులు ఇంకను కొందఱున్నారు. వస్తువును దాచుటకు ఎవరైనను చాలుదురు. పనిని దాచుటకు నేర్చుకొనువాడొకడు కావలెను.

మా నాయనమ్మగారి ప్రక్కన పని చేసినవారిలో డెబ్బదియైదేండ్ల మా అక్కగా రొక్కరే మిగిలినారు. పోయిన సంక్రాంతికి నేను కాగితము, కలము పట్టుకొని ఆమె ప్రక్కన కూర్చుంటిని. కొలత లన్నియు వ్రాసికొంటిని. పాకము సంగతి అడుగగా, ఆమె వ్రేళ్ళ నడుమ తీగె సాగదీసి, "ఇదిగో, ఇంత" అనెను. ఆ "ఇంత" కాగితమున కెక్కలేదు. అందుచేత మా మనుమరాలిని పిలిచి, ఆమె ప్రక్కన కూర్చుండబెట్టితిని.