సరుగుడు కట్టె: బరువులో వేడి ఎంత, నీరెంత?

దీపం పథకము 1999లోను, ఉజ్జ్వల పథకము 2016లోను వచ్చిన పిదప పల్లెలలో గ్యాసు పొయ్యి లేని ఇండ్లు చాలవరకు తగ్గిపోయినవి. అయినను కట్టెల పొయ్యి మూలపడలేదు. కోటవురట్ల ప్రాంతమున స్నానమునకు నీళ్లు కాగవలెనన్నను, పశువులకు కుడితి పెట్టవలెనన్నను, పెండ్లికి గుండిగలు ఎక్కవలెనన్నను కట్టెయే దిక్కు. సిలిండరు మరి పదిరోజులు రావలెనని గృహిణి తలచిననాడు కూడ కట్టెయే.

కట్టెలు కొనువారు మోపును చేతితో ఎత్తి చూచి, బరువుగానున్నచో మంచి కట్టె అని తృప్తిపడుదురు. ఇందు సగము నిజమే కలదు. ఆ బరువు చేవది కావచ్చును, నీటిదియు కావచ్చును. ఈ రెంటిని వేరుచేసి చూచుట ఎట్లో చెప్పుటయే మా ఉద్దేశము.

మొదట చేవ సంగతి. బాగుగా ఎండిన కట్టె ఏ చెట్టుదైనను కిలో ఒక్కింటికి ఇంచుమించు ఒకే వేడి నిచ్చును. అది సుమారు 4,500 కిలోకెలోరీలు. తుమ్మ, సరుగుడు దీనికి కొంచెము మించును, అంతే. మామిడి కట్టెకు, సరుగుడు కట్టెకు ఇంత తక్కువ తేడాయా అని ఆశ్చర్యపడువారుందురు. అసలు తేడా కిలోలో లేదు, పరిమాణములో ఉన్నది. ఒక ఘనపుటడుగు ఎండు సరుగుడు సుమారు 25 కిలోలు తూగును. మామిడి 17, 18 కిలోలు. బూరుగు పది కిలోలకు అటునిటు. పొయ్యిలో పట్టునది కట్టెల పరిమాణమే కాని తూకము కాదు గదా! కనుక పొయ్యి నోటిలో ఒకసారి పెట్టిన సరుగుడు, బూరుగుకంటె రెండురెట్లకు పైగా వేడినిచ్చును. గట్టి కట్టెలోనికి మంట మెల్లగా చొచ్చును గనుక అది నిదానముగా కాలి, మంట తగ్గిన పిదప చాలసేపు ఎఱ్ఱని నిప్పుగా నిలుచును. పాలు కాగుటకు, పప్పు ఉడుకుటకు కావలసినది ఆ నిప్పే. మెత్తని కట్టె భగ్గున మండి బూడిదయగును. అది అంటించుటకు పనికివచ్చును, వండుటకు కాదు.

మెత్తని కట్టెను తక్కువచేసి చెప్పుటలేదు. వరాహ నది దిగువనున్న ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేయువారు ఏరికోరి తెచ్చుకొనునది మెత్తని అంకుడు కొయ్యనే. తరిణి మీద సరుగుడు పెట్టిన వారి ఉలికి ఏమగునో వారినే అడుగవలెను.

సరుగుడు మన అడవి చెట్టు కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరముల నుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు వైపు రైలు ఇంజనులకు వంటచెఱకుగా దీని తోటలు విరివిగా వేసిరి. దీని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టున కందించును; అందుచేత ఇసుక నేలయందును పెరుగును. నాలుగైదు ఏండ్లకు నరకవచ్చును. అయితే నరికిన మోడు చక్కగా చిగుర్చదు గనుక మరల మొక్కలు నాటవలసినదే. ఇప్పుడు మంచి వాసములు కాగితపు మిల్లులకు, కట్టడపు పనులకు పోవుచుండగా పొయ్యికి మిగులునవి కొమ్మలు, మొదళ్లు. వేడికి అవి ఏమియు తీసిపోవు. రైతు పొలములో పెరిగిన ఈ కట్టె ఎంత కాలిన, కొండమీది చెట్టుకు అంత గొడ్డలి తప్పును.

ఇక నీటి సంగతి. అప్పుడే కొట్టిన కట్టెలో నూటికి 40 పాళ్లు నీరుండుట సామాన్యము. గాలికి బాగుగా ఎండినదానిలో 15 పాళ్లు మిగులును. ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు సుమారు 600 కిలోకెలోరీలు కావలెను. లెక్క చూతము. నూరు కిలోల పచ్చికట్టెలో 60 కిలోలే కట్టె. దాని వేడి 2,70,000. నీటిని వెడలగొట్టుటకు 24,000 పోగా మిగులునది 2,46,000. నూరు కిలోల ఎండుకట్టెలో ఇట్లే లెక్కింపగా 3,73,500 మిగులును. అనగా పచ్చికట్టె కిలో 4 రూపాయలకు దొరకుచున్నప్పుడు, ఎండుకట్టెకు 6 రూపాయలిచ్చినను కొన్నవారికి నష్టములేదు. అడితిలో కట్టెలమ్మువానిని నిందింపనక్కరలేదు. నూరు కిలోల పచ్చికట్టె ఎండునాటికి 70 కిలోలే తూగును; తరుగు భరించి ఎండబెట్టినవానికి ఎక్కువ ధర రావలసినదే.

నష్టము డబ్బుతో ఆగదు. తడికట్టె పొయ్యిని చల్లార్చి, సగము కాలిన ఆవిరులను పొగగా వదలును. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొయ్యి ముందు కూర్చుండువారు మన ఇండ్లలో ఎవరో చెప్పనక్కరలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్.పి. రాజుగారు 1950 ప్రాంతముననే పొగగొట్టముతో కూడిన పొయ్యిని రూపొందించిరి. గొట్టము పొగను బయటికి పంపును. పొగ పుట్టకుండ చేయునది ఎండిన కట్టెయే.

సరుగుడును పచ్చిగా ఉండగనే చీల్చవలెను. ఎండినచో గొడ్డలికి లొంగదు. సంక్రాంతికి, శివరాత్రికి మధ్య కొట్టి, చేతి మణికట్టు లావున చీల్చి, రెండు దుంగలమీద నేల తగులకుండ అడ్డముగను నిలువుగను వరుసలు పేర్చినచో గాలి లోపల ఆడును. నేలనంటినచో చెదలు పట్టును. వానలు దిగులోపల పైన మాత్రమే రేకు కప్పి, ప్రక్కలు విడిచిపెట్టవలెను. చుట్టును పరదా కట్టువారు లోపలి తేమను తామే దాచుకొనుచున్నారు! ఎండిన కట్టె కొసలయందు నెఱియలు విచ్చును, బెరడు ఊడివచ్చును, రెండు ముక్కలను కొట్టిన ఖణఖణ మ్రోగును. పచ్చిది బొద్దుగా పలుకును. అడితికి పోయినప్పుడు మోపును ఎత్తి చూచుటకు ముందు, రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి వినుడు.