ఎదుగు పిల్లల పండ్లవరుస: ఏది ఎప్పుడు దిద్దవలెను

కోడెదూడను కొనదలచిన రైతు సంతలో మొట్టమొదట దాని నోరు తెరచి చూచును. పాలపండ్లా, రెండు పండ్లా, నాలుగు పండ్లా యని లెక్కించి ప్రాయము తేల్చుకొనిన పిమ్మటగాని బేరమునకు దిగడు. అట్టి రైతు తన యింట నెదుగుచున్న బిడ్డ నోరు తెరచి చూచుట మాత్రము మిక్కిలి యరుదు. బిడ్డ పంటినొప్పియని యేడ్చిననాడు లవంగము పెట్టి యూరకుండును. ఇప్పుడు మేము వ్రాయబూనినది నొప్పిని గూర్చి కాదు; పండ్లవరుసను, దవడల పొందికను గూర్చి.

గడచిన సంవత్సరము మా ప్రాంతమున నొక సభ్యుడు తన యెనిమిదేండ్ల కుమార్తెకు పై ముందుపండ్ల నడుమ సందు గలదని బెంగపడి, తీగలు కట్టించుటకై సంఘమున నప్పు కోరెను. ఆ వీథియందే మరియొక రైతు కుమారునికి నోరు మూసినప్పుడు క్రిందిపండ్లు పైపండ్లకు ముందుగా వచ్చుచున్నవి. బాలునకు తొమ్మిదేండ్లు. మీసము వచ్చునాటికి సర్దుకొనునులే యని తండ్రి ధైర్యముగా నున్నాడు. మొదటి యింట అప్పుతో పని లేదు. రెండవ యింట ఆలస్యము తగదు. ఇద్దరును తెలివిగల సేద్యగాండ్రే. అయినను భయపడవలసినవాడు ధైర్యముగాను, ధైర్యముగా నుండవలసినవాడు భయముతోను ఉన్నారు. వ్యవసాయపు పత్రికలో పండ్ల సంగతి యేల యని యడుగువారికి ఇదియే మా సమాధానము.

ముందుగా పండ్లు వచ్చు క్రమము తెలియవలెను. బిడ్డకు సుమారు ఆరవ నెలలో పాలపండ్లు మొదలై, రెండున్నర మూడేండ్లకు 20 పండ్లును పూర్తియగును. ఆరవ యేట వెనుకటి పాలపంటికి ఆవల, ఏ పన్నును ఊడకుండగనే, పెద్ద దవడపన్ను వచ్చును. ఇది స్థిరమైన పన్ను. ఊడినచో మరల రాదు. ఏ పన్నును ఊడకుండ వచ్చుటచేత తల్లిదండ్రులు దీనిని పాలపన్నుగా నెంచి, పుచ్చినను లెక్కచేయరు. ఇంతకంటె నష్టకరమైన పొరపాటు నోటి విషయమున వేరొకటి లేదని మా తలంపు. ఆరు మొదలు ఎనిమిదేండ్ల నడుమ ముందుపండ్లు మారును. పది పండ్రెండేండ్ల నడుమ ప్రక్కపండ్లును, పదునొకండు పండ్రెండేండ్లకు పై కోరపండ్లును, పండ్రెండవ యేట రెండవ దవడపండ్లును వచ్చును.

పాలపన్నే కదా, ఊడిన నూడనిమ్మని మనవారందురు. పాలపన్ను నమలుటకు మాత్రమే గాక, క్రింద పెరుగుచున్న పంటికి స్థలము కాచుటకును ఉన్నది. పొలమునకు సర్వేరాయి యెట్టిదో, స్థిరమైన పంటికి పాలపన్ను అట్టిది. రాయి పెరికినచో ప్రక్కవాని నాగలి ఏటేట జానెడు లోనికి వచ్చును గదా? వెనుకటి పాలదవడపన్ను పుచ్చి యకాలమున తీయించినచో, ఆరేండ్ల దవడపన్ను ముందునకు జరిగి యా జాగా నాక్రమించును. తరువాత రావలసిన పంటికి చోటు చాలక అది ప్రక్కకు పొడుచుకొని వచ్చును, లేదా యెముకలోనే నిలిచిపోవును. కావున పుచ్చిన పాలపంటిని వీలైనంతవరకు నింపించి నిలుపుకొనవలెను. తీయక తప్పనియెడల, జాగా మూసికొనిపోకుండ ప్రక్కపంటికి పట్టీవేసి చిన్న తీగ యమర్తురు. ఇది స్వల్పమైన పని. ముందుముందు పెద్ద పనిని తప్పించును.

ఇక సందు మాట. ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమున పై ముందుపండ్లు విసనకఱ్ఱ వలె విడివడి యుండుట సహజము. పైనుండి దిగుచున్న కోరపండ్లు వాని వేళ్లను నొత్తుచుండుటచేత నట్లగును. కోరపండ్లు దిగి వచ్చిన పిమ్మట ఆ సందు చాలమందికి తనంతట తానే మూసికొనును. అమెరికా వైద్యుడు బ్రాడ్‌బెంట్ దీనికి కురూపి బాతుపిల్ల దశ యని పేరిడెను. డెన్మార్కు కథలో నా పిల్లయే పెరిగి హంసయగును. సందు మరీ వెడల్పుగా నున్నచో నడుమ అదనపు పన్నేమైన దాగియున్నదేమో ఎక్స్‌రే తీయించి చూచుట మంచిది. అంతకుమించి యా ప్రాయమున తొందర వలదు. ముఖ్యముగా, సందు మూయుటకై రెండు పండ్లకు రబ్బరు ఉంగరము తగిలించు మోటు వైద్యము ఎన్నడును చేయరాదు. పంటి వేరు కొనకు పోనుపోను సన్నమగుటచేత రబ్బరు జారి చిగురులోనికి దూరును. పైకి కనబడక, ఎముకను తినివేసి, నిక్షేపమువంటి రెండు పండ్లను ఊడగొట్టును.

ఆలస్యము చేయరానివి కొన్ని గలవు. పై ముందుపన్ను ఒకటి క్రిందిపంటికి వెనుకగా మూసికొనినచో, దెబ్బమీద దెబ్బ తగిలి క్రిందిపంటి చిగురు దిగిపోవును. దీనిని సాధారణముగా చిన్న పలకతో కొన్ని మాసములలో సరిచేయుదురు. పైదవడ యిఱుకై దవడపండ్లు లోపలికి మూసికొనుచున్నచో, పిల్లవాడు నమలుటకు వీలుగా గడ్డమును ఒక ప్రక్కకు జరుపుకొనును. అట్లే పెరిగినచో మొగము ఒరగును. పిల్లల యంగిలి నడుమ నెముకల యతుకు ఇంకను గట్టిపడియుండదు. మరమేకు గల పనిముట్టును అంగిలికి బిగించి, దినమునకు పావు మిల్లీమీటరు చొప్పున త్రిప్పుచు వెడల్పు చేయుదురు. అమెరికాలో ఏంజెల్ అను వైద్యుడు 1860లో నిట్లు చేసితినని ప్రకటింపగా తోటివారు నమ్మలేదు. నేడది వాడుకలోనున్న పద్ధతి. యౌవనము దాటిన పిమ్మట ఆ యతుకు బిగిసిపోవును. అప్పుడు శస్త్రచికిత్స వలసి రావచ్చును.

ఆ రెండవ రైతు కుమారుని సంగతి యిట్టిదే. పైదవడ వెనుకబడి క్రిందిపండ్లు ముందునకు వచ్చినప్పుడు, నుదుటికిని గడ్డమునకును ఆనుకొను చట్రమును పెట్టి, రబ్బరులతో పైదవడను ముందునకు లాగుదురు. ఇంటిలో సాయంకాలము మొదలు తెల్లవారువరకు ధరించిన చాలును. పదేండ్లలోపల చేసిననే ఫలము హెచ్చు. బ్రిటనులో 7 మొదలు 9 యేండ్ల పిల్లలు 73 మందిని రెండు జట్లుగా విభజించి యొక జట్టుకు మాత్రమే యీ చికిత్స చేసిరి. ఆరేండ్లకు పిదప చూడగా, దవడ శస్త్రచికిత్స అవసరమని తేలినవారు చికిత్స పొందినవారిలో నూటికి 36, పొందనివారిలో నూటికి 66. చికిత్స పొందినవారందరును బాగుపడలేదు. క్రిందిదవడ యౌవనమున మరల పెరుగును. అయినను, అవకాశము దాటిపోయిన వెనుక విచారించుటకంటె ఇది మేలు.

ఎత్తుపండ్ల విషయము వేరు. పైపండ్లు ముందునకు పొడుచుకొని యున్న పిల్లలకు ఎనిమిదవ యేట నొకమారును, పదమూడవ యేట మరియొకమారును చికిత్స చేయవలెనని చెప్పువారు గలరు. పలు పరిశోధనలను కలిపి చూచిన కోక్రేన్ సమీక్ష 2013లో ప్రకటింపబడెను, 2018లో సవరింపబడెను. దానివలన తేలినదేమనగా, రెండుమారులు చేసినను, యౌవనమున నొక్కమారే చేసినను తుదకు పండ్ల పొందిక యించుమించు సమానమే. ఒక్క లాభము మాత్రము కలదు: ముందుగా లోనికి తెచ్చిన పండ్లు దెబ్బతగిలి విరుగుట తగ్గును. కావున చెట్లెక్కి దూకు పిల్లవానికి పండ్లు మిక్కిలి బయటకున్నచో ముందుగా చేయించుట న్యాయము. తక్కినవారు పదునొకండు పండ్రెండేండ్లవరకు ఆగవచ్చునని మా యభిప్రాయము. ఒడ్డు పొడవు పెరుగు ఆ కాలముననే క్రిందిదవడయు పెరుగును గనుక, స్కాట్లండు వైద్యుడు క్లార్కు 1977లో కల్పించిన జంట పలకలవంటి పనిముట్లు అప్పుడు బాగుగ పనిచేయును.

బొటనవ్రేలు చీకుట మూడు నాలుగేండ్లవరకు దోషము కాదు. స్థిరమైన ముందుపండ్లు రాకమునుపే మానినచో ఏర్పడిన సందు చాలవరకు పూడును. కారము పూసి, కొట్టి మాన్పించుట మేము మెచ్చము. భయపడిన బిడ్డ రాత్రి నిద్రలో మరింత చీకును. నోటితో గాలి పీల్చు పిల్లలను మొదట ముక్కు, గొంతు వైద్యునకు చూపవలెను.

పదవ యేట చిగురుపై వ్రేలుపెట్టి తడిమినచో పై కోరపంటి యుబ్బు రెండు ప్రక్కల తగులవలెను. పదునొకండేండ్లకును తగులనిచో చూపింపుడు. దారితప్పి అంగిలివైపునకు పోవుచున్న 46 కోరపండ్ల విషయమున, పైనున్న పాల కోరపంటిని మాత్రము తీయగా, నూటికి 78 తమంతట తామే దారికి వచ్చినట్లు స్వీడనులో ఎరిక్సన్, కూరోల్ అను వైద్యులు 1988లో తెలిపిరి. తీగ లేదు, కోత లేదు. ప్రాయము తెలిసి చూపించుటయే.

తీగలు పండ్ల నెట్లు జరుపునని కొందరికి సందేహము. ఎముక సజీవమైనది. మెల్లగా నొత్తినచో ఒకవైపు కరగి మరియొకవైపు క్రొత్తగా కట్టుకొనును. నెలకు సుమారొక మిల్లీమీటరు జరుగును. బలముగా నొత్తిన త్వరపడదు సరికదా, వేరు చెడును. కావుననే నెల నెలకు పోయి బిగింపించుకొనవలెను. కోతలని, నాట్లని నడుమ మానినచో ఖర్చు పెట్టిన సొమ్ము నష్టము. పని ముగిసిన వెనుకను పండ్లు పాతచోటికి జరుగగోరును గనుక నిలుపుడు పలకను చాలకాలము ధరింపవలెను. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో నీటియందలి ఫ్లోరైడువలన పండ్లకు పట్టు గోధుమరంగు చారలకు తీగలతో సంబంధము లేదు. ఆ చారలకై తీగలు కట్టింతుమని యెవరైన చెప్పినచో నమ్మవలదు.

ఏడవ యేట నొకమారు చూపించుట మేలని అమెరికా వైద్యసంఘమువారి సలహా. చూపించుట వేరు, చేయించుట వేరు; చూచినవారిలో ననేకులను వైద్యులు వచ్చే యేడు రమ్మని పంపుదురు. దంతవైద్యము చదివి, పిమ్మట మూడేండ్లు ఈ విద్యయే నేర్చినవారిని ఆర్థోడాంటిస్టులందురు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతకళాశాలయందు వీరి విభాగము కలదు. ఇప్పుడు చేయనిచో నేమగును, తరువాత మరల చేయవలసి యుండునా, ఎన్నిమారులు రావలెను అని వైద్యుని మొగమాటము లేక యడుగుడు. ఈ పనికై సంఘమున నప్పు కోరదలచిన సభ్యులు, ఆ సమాధానములను వైద్యునిచే చీటిపై వ్రాయించుకొని దరఖాస్తునకు జతచేసినచో, పంచాయతుదారులకు నిర్ణయము సులభమగును.