మొద్దు చీల్చడం

బాలబాలికలారా! నాన్నగారు మొద్దు చీలుస్తున్నప్పుడు కాస్త దూరంగా నిలబడి చూడండి. మొద్దును నిలబెట్టి, పైన కనిపించే పగులు వెంట కొడతారు. కట్టెలోని నార నిలువుగా ఉంటుంది. అడ్డంగా కొడితే కట్టె చీలదు, చేయి మాత్రం అదురుతుంది. గొడ్డలి ఇరుక్కుంటే గట్టికర్ర మేకును పగులులో నిలిపి, కొయ్యసుత్తితో మోదుతారు. ఆ మేకును 'దా' అనే బర్మాకత్తితో ఇంటివద్దనే చెక్కుకోవచ్చు.

పచ్చికట్టె మంటలో సగం వేడి దానిలోని నీటిని ఆవిరి చేయడానికే పోతుందా అనిపిస్తుంది. మిగిలేది పొగ! చీల్చిన కట్టెకు అన్నివైపులా గాలి తగులుతుంది, త్వరగా ఎండుతుంది.

యాంగోన్ పొయ్యిలకు కట్టెలు, బొగ్గు చాలాకాలం ఇరావతి డెల్టాలోని మడ అడవులనుండి వచ్చేవి. కనజో చెట్లను ఇందుకు విరివిగా నరికారు. ఒకప్పుడు మన పెద్దలు ఓడలెక్కిన కోరంగిరేవు దగ్గర కూడా మడ అడవులే. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు ఆ రేవు వల్లనే వచ్చింది.

మడచెట్ల వేళ్లు, కాండాలు అలల జోరును తగ్గిస్తాయి. డెల్టాలో వంటచెరకుకూ, వరిపొలాలకూ, రొయ్యల చెరువులకూ ఆ అడవి చాలావరకు పోయింది. 2008 మే 2న నర్గీస్ తుఫాను వచ్చింది. ఉప్పెనను ఆపే అడ్డు పలుచబడింది. చనిపోయినవారు, కనబడకుండా పోయినవారు కలిపి సుమారు 1,38,000 మంది.

తరువాత కొన్నిచోట్ల మళ్లీ మడమొక్కలు నాటారు. అవి చెట్లు కావడానికి ఏళ్లు పడుతుంది. ఎండుకట్టె అయితే తక్కువతోనే అన్నం ఉడుకుతుంది. చీల్చిన కట్టెలను వాన తగలని చోట, మధ్య సందులు విడిచి పేర్చండి.