మంచు లేకున్నా మెరిశాడు!

ఫిగర్ స్కేటింగ్ అనగానే టీవీలో చూసిన మంచు మైదానాలే గుర్తొస్తాయి. చెరకు పండే చోడవరంలో, ఎండలు మండే హైదరాబాద్‌లో ఆ మంచు ఎక్కడిది? అయినా మనవాడొకడు జోడీ స్కేటింగ్‌లో ఆసియా పతకం కొట్టాడు. మంచు మీద కాదు... చక్రాల మీద!

హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లో కాంస్యం గెలిచాడు. అవనీ పంచాల్‌తో జతకట్టి జోడీలోనూ కాంస్యం తెచ్చాడు. జోడీకి ఒక్కరి నైపుణ్యం చాలదు. పాటకు తగ్గట్టు ఇద్దరూ ఒకేసారి తిరగాలి. అమ్మాయిని పైకెత్తి చక్రాల మీద నిలదొక్కుకోవాలి. ఒకరు తడబడితే ఇద్దరి మార్కులూ పోతాయి.

తీరా 2014 ఇంచియాన్ క్రీడల్లో రోలర్ పోటీలే పెట్టలేదు. కాంస్యాన్ని బంగారం చేసుకునే అవకాశం అక్కడ దొరకలేదు. అయినా అనూప్ కష్టం వృథా పోలేదు. 2015లో అర్జున అవార్డు వెతుక్కుంటూ వచ్చింది.

ఇంతకీ మీ ఇంట్లో అటకెక్కిన స్కేట్లేమైనా ఉన్నాయా?